తాళపు పెట్టె కాదు, మాటలే సొమ్ము

ధూల్‌పేట: వినాయక చవితి విగ్రహాల అమ్మకాలు ముగిసి, సంక్రాంతి పతంగుల గిరాకీ ఊపందుకునే లోపల ధూల్‌పేటలో చేతిలో కొంత రొక్కం నిలిచే రోజులు ఉంటాయి. పూర్వం ఆ రొక్కం బంగారంలోకి, చీటీలలోకి, వడ్డీ వ్యాపారంలోకి పోయేది. ఇప్పుడు అందులో కొంత భాగాన్ని బిట్‌కాయిన్ వంటి క్రిప్టో నాణేలలో పెట్టినవారు కూడా బేగంబజారు నుంచి జుమ్మెరాత్ బజారు దాకా లేకపోలేదు. ఆ సరుకు కొనాలా, మానాలా అన్నది ఇక్కడ చర్చకు తెచ్చే విషయం కాదు. దాని తేజీ మందీలు చూసినవారికి కొత్తగా చెప్పవలసినది కూడా లేదు. కొన్నవారు దానిని ఎక్కడ దాచారు, ఎలా దాచారు అన్నదే నేటి ప్రశ్న.

కొన్నవారిలో చాలామంది నాణేలను ఎక్స్ఛేంజిలోనే వదిలేస్తారు. అడతీదారు గోదాములో సరుకు ఉంచి చీటీ తెచ్చుకోవడం వంటిదే ఇది. చీటీ మన దగ్గర, సరుకు అతని దగ్గర, గోదాము తాళం చెవి కూడా అతని దగ్గరే. ఆ చీటీ విలువ ఎంతో 2024 జూలై 18న తెలిసివచ్చింది. ఆ రోజు వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజి నుంచి 23 కోట్ల డాలర్లకు పైబడిన నాణేలు దొంగల పాలైనాయి. సింగపూర్ హైకోర్టులో వ్యవహారం తేలి, 2025 అక్టోబరులో సంస్థ తిరిగి తెరుచుకునే దాకా ఖాతాదారులు తమ నాణేల కోసం నిరీక్షించవలసి వచ్చింది. 2025 జూలై 19న కాయిన్‌డీసీఎక్స్ సంస్థ దాదాపు 4 కోట్ల 40 లక్షల డాలర్లు పోగొట్టుకున్నది. ఆ నష్టాన్ని సంస్థ తన నిధుల నుంచి భరించినందున ఖాతాదారులు బయటపడ్డారు. ప్రతిసారీ అలా జరుగుతుందని లెక్క వేసుకోవడం వ్యాపారం కాదు.

హైదరాబాదు వర్తకులకు ఈ పాఠం కొత్తది కాదు. 2001లో కృషి సహకార అర్బన్ బ్యాంకు మూతపడినప్పుడు డిపాజిటుదారులు పడిన అవస్థ ఈ నగరం మరచిపోలేదు. అయితే బ్యాంకు డిపాజిటుకు బీమా అన్నది ఒకటి ఉన్నది. 2020 ఫిబ్రవరిలో దాని పరిమితిని లక్ష రూపాయల నుంచి 5 లక్షలకు పెంచారు. ఎక్స్ఛేంజిలో పడి ఉన్న నాణేనికి ఆ పాటి బీమా కూడా లేదు.

అందుచేత సొంత పెట్టె కొనుక్కుందామనే ఆలోచన వస్తుంది. ఆ పెట్టెనే హార్డ్‌వేర్ వాలెట్ అంటారు. ఆలోచన సరైనదే. కాని పెట్టె కొన్నంత మాత్రాన పని పూర్తయిందనుకోవడమే అసలు ప్రమాదం. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో సొమ్ము భద్రత పరికరం ధరలో లేదు, కంపెనీ పేరులో లేదు. దానిని విప్పిన రోజు మొదటి గంటలో యజమాని ఏమి చేశాడన్న దానిలో ఉన్నది.

అచ్చు ఒకటి, విగ్రహం ఒకటి

హార్డ్‌వేర్ వాలెట్ అరచేతిలో ఇమిడే చిన్న పరికరం. చెక్ దేశంలో తయారైన ట్రెజర్ 2014లో బజారుకు వచ్చింది. ఫ్రాన్సుకు చెందిన లెడ్జర్ కూడా బాగా ప్రచారంలో ఉన్నది. నాణేలు ఈ పరికరం లోపల ఉండవు. అవి లోకమంతా చూడగలిగే ఉమ్మడి ఖాతా పుస్తకంలోనే ఉంటాయి. ఆ ఖాతా నుంచి చెల్లింపు చేయడానికి కావలసిన సంతకం, అంటే రహస్య తాళం చెవి, పరికరం లోపల ఉంటుంది. సంతకం లోపలే జరుగుతుంది. తాళం చెవి కంప్యూటరుకు గాని, ఫోనుకు గాని చిక్కదు. దీని ఉపయోగం ఇంతే. కాని ఇది చిన్న ఉపయోగం కాదు.

పరికరాన్ని మొదటిసారి నడిపినప్పుడు అది 12 గాని, 24 గాని ఇంగ్లీషు మాటలను తెరపై చూపుతుంది. 2,048 మాటల పట్టిక నుంచి పరికరమే వాటిని ఎంపిక చేస్తుంది. వీటినే రికవరీ మాటలని, సీడ్ ఫ్రేజ్ అని అంటున్నారు. ధూల్‌పేట విగ్రహాల పనివారికి దీనిని వివరించడం తేలిక. పరికరం విగ్రహం వంటిది, మాటలు అచ్చు వంటివి. విగ్రహం పగిలినా అచ్చు ఉంటే మరొకటి పోసుకోవచ్చు. పరికరం పోయినా, కాలిపోయినా, ఆ మాటలను మరొక పరికరంలో ఎక్కిస్తే సొమ్ము యథాప్రకారం చేతికి వస్తుంది. అచ్చు పరాయివాడి చేతిలో పడితే వాడూ పోసుకోగలడు. అప్పుడు మన పరికరం తిజోరీలో భద్రంగా ఉండగానే సొమ్ము ఖాళీ అవుతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైనవారికి తక్కిన జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

చౌక బేరం వద్దు

జుమ్మెరాత్ బజారులో పాత పనిముట్లు బేరమాడి కొనే అలవాటు మనకు ఉన్నది. ఈ పరికరం విషయంలో ఆ అలవాటు పనికిరాదు. తయారీ కంపెనీ నుంచి నేరుగా గాని, ఆ కంపెనీ తన జాబితాలో చూపిన అమ్మకందారు వద్ద గాని కొనాలి. వాడినది, బహుమతిగా వచ్చినది, తెలిసినవారు విదేశాల నుంచి తెచ్చి ఇచ్చినది వద్దు. పెట్టెపై సీలు చెదరలేదు గదా అని ధైర్యపడటం పొరపాటు. సీలు అచ్చు వేయించడం పెద్ద పని కాదని ఈ బజారులో ఎవరికీ చెప్పనక్కరలేదు.

2018 జనవరిలో ఇంగ్లండులో ఒకతను వేలం వెబ్‌సైటులో పరికరం కొన్నాడు. దానితో పాటు ముందే మాటలు అచ్చువేసి ఉన్న కార్డు వచ్చింది. ఆ మాటలతోనే పెట్టెను వాడుకున్నాడు. అచ్చు మొదటే దొంగ చేతిలో ఉన్నందున దాచుకున్నదంతా పోయింది. కొత్త పరికరం ఖాళీగా రావాలి. పిన్ గాని, మాటలు గాని ముందే ఉండరాదు. ఉంటే ఆ పరికరాన్ని వాడకూడదు. ఇది మినహాయింపు లేని నియమం.

పరికరంతో పాటు కంప్యూటరులోకి ఒక సాఫ్ట్‌వేర్ దింపుకోవలసి ఉంటుంది. గూగుల్‌లో వెతికి పైన కనిపించిన ప్రకటనపై నొక్కకుండా, కంపెనీ చిరునామాను స్వయంగా టైపు చేయాలి. పేరుగల దుకాణం గదా అన్న భరోసా కూడా చాలదు. 2021లో ఆపిల్ ఫోన్ల యాప్ స్టోరులో ట్రెజర్ పేరుతో ఒక దొంగ యాప్ చొరబడగా, ఒక వ్యక్తి 17 బిట్‌కాయిన్లకు పైగా పోగొట్టుకున్నాడు. 2023 నవంబరులో మైక్రోసాఫ్ట్ స్టోరులో లెడ్జర్ పేరుతో అదే కథ జరిగింది. సాఫ్ట్‌వేర్ దింపుకున్న తరువాత పరికరం అసలుదా, నకిలీదా అని దానిచేత పరీక్ష చేయించడం మొదటి పని.

మొదటి గంట

ఇక్కడే మన వర్తకుల సుగుణం మనకు శత్రువు అవుతుంది. ఈ బజారు నమ్మకం మీద నడుస్తున్నది. నోటిమాట మీద లక్షల సరుకు దిగుతుంది. తిజోరీ తాళాలు మునీమ్ నడుముకు వేలాడుతుంటాయి. అదే అలవాటున ఫోన్ల దుకాణం కుర్రవాడు, 'సేట్‌గారూ, మీకెందుకు శ్రమ, నేను సెట్ చేసి ఇస్తాను గదా' అంటే పరికరం అతని చేతిలో పెడతాం. కుర్రవాడు మంచివాడే కావచ్చు. కాని మాటలు ఒకసారి చూసిన కన్ను వాటిని వెనక్కు ఇవ్వలేదు. తాళం మార్చినట్లు వాటిని మార్చడమూ కుదరదు. కొత్త మాటలతో కొత్త పెట్టె తెరిచి, సొమ్మంతా అందులోకి తరలించవలసి వస్తుంది. ఎలా చేయాలో ఎవరినైనా అడిగి తెలుసుకోండి. చేసేది మాత్రం మీ చేతులతోనే చేయండి.

దుకాణంలో గద్దెపై కూర్చుని ఈ పని చేయవద్దు. గద్దెకు పైన సీసీ కెమెరా ఉంటుంది. ఇంట్లో ఒక గదిలో తలుపు వేసుకుని, ఫోను బయట పెట్టి కూర్చోవాలి. తెరపై వచ్చిన మాటలను వరుస అంకెలు వేసి, కలంతో, ఇంగ్లీషు అక్షరాలలోనే రాయాలి. తెలుగులోనో, మార్వాడీ వహీ లిపిలోనో రాస్తే స్పెల్లింగు తారుమారయ్యే ప్రమాదం ఉన్నది. ప్రతి మాటలో మొదటి నాలుగు అక్షరాలు మరే మాటతోనూ కలవకుండా ఆ పట్టికను కూర్చారు గనుక, కనీసం ఆ నాలుగు అక్షరాలైనా స్పష్టంగా ఉండాలి. వరుస తప్పరాదు.

ఫోటో తీయవద్దు. వాట్సాప్‌లో తనకు తానే పంపుకోవద్దు. ఈమెయిలులో దాచవద్దు. జిరాక్సు తీయించవద్దు. ఆ మాటలు ఏ యంత్రంలోనైనా టైపు చేసిన క్షణం నుంచి ఇంత ఖరీదు పెట్టి కొన్న పెట్టె వృథా. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఆ మాటలను పరికరంలో తప్ప మరెక్కడా ఎక్కించవలసిన అవసరం రాదు. అడిగినవాడు కంపెనీ మనిషినని చెప్పినా, పోలీసునని చెప్పినా, అప్‌డేట్ కోసమని చెప్పినా, వాడు దొంగే.

పిన్ కూడా ఆ గంటలోనే పెట్టుకోవాలి. పుట్టిన సంవత్సరం, దుకాణం ఫోను చివరి అంకెలు, స్కూటరు నంబరు పనికిరావు.

ఖాళీ పెట్టెతో పరీక్ష

అందరూ వదిలేసే మెట్టు ఇది. పతంగి ఎగరేసేవాడు మాంజాను ముందుగా లాగి చూస్తాడు. ధాన్యం కొనేవాడు కాటా సరిచూస్తాడు. ఈ పెట్టెను కూడా సొమ్ము వేయక ముందే పరీక్షించాలి. మాటలు రాసుకున్న తరువాత అతి స్వల్ప మొత్తం, కొద్ది వందల రూపాయల విలువ చేసే నాణెం పంపండి. ఆ తరువాత పరికరాన్ని చెరిపేయండి. లెడ్జర్ పరికరంలో వరుసగా మూడుసార్లు తప్పు పిన్ కొడితే అది తనకు తానే చెరిగిపోతుంది. ఇప్పుడు కాగితంపై రాసిన మాటలను ఎక్కించి చూడండి. ఆ స్వల్ప మొత్తం మళ్లీ కనిపిస్తే మీ రాత సరైనదే. కనిపించకపోతే పోయింది వందలే, లక్షలు కాదు. పెద్ద మొత్తం వేసిన రెండేళ్లకు 17వ మాట తప్పు రాశామని తెలిసినవాడికి ఏ కోర్టూ సహాయం చేయలేదు.

నాణెం పంపేటప్పుడు చిరునామా అంతా పరికరం తెరపై చదవాలి, కంప్యూటరు తెరపై కాదు. మనం కాపీ చేసిన చిరునామాను మధ్యలో మార్చివేసే దొంగ ప్రోగ్రాములు ఉన్నాయి. మొదటి నాలుగు అక్షరాలు, చివరి నాలుగు అక్షరాలు చూసి తృప్తి పడరాదు. చూపుకు అలాగే ఉండే చిరునామాలు తయారుచేసి ఖాతా చరిత్రలో చొప్పించే మోసం కూడా నడుస్తున్నది. పంపే నెట్‌వర్క్ ఏదో కూడా సరిచూసుకోవాలి. ఒకే పేరు గల నాణెం వేర్వేరు దారులలో నడుస్తుంది. దారి తప్పిన సరుకుకు లారీ రసీదు ఉంటుంది గాని, దీనికి ఉండదు.

చూడకుండా వేలిముద్ర

హార్డ్‌వేర్ వాలెట్ ఉన్నవారికి భయం లేదని కొందరు వాదిస్తున్నారు. ఆ వాదనకు 2025 ఫిబ్రవరి 21 సమాధానం చెప్పింది. బైబిట్ ఎక్స్ఛేంజి నుంచి దాదాపు 150 కోట్ల డాలర్ల విలువైన నాణేలు పోయినాయి. ఉత్తర కొరియా దొంగల పనేనని అమెరికా ఎఫ్‌బీఐ ప్రకటించింది. అక్కడ సంతకాలు చేసినవారి చేతిలో హార్డ్‌వేర్ వాలెట్లు ఉన్నాయి. కంప్యూటరు తెరపై వారికి కనిపించింది ఒక లావాదేవీ, వారు సంతకం చేసింది మరొకటి. వజీర్‌ఎక్స్ దోపిడీలో సైతం తెరపై చూపినదానికి, సంతకం పడినదానికి తేడా ఉన్నదని ఆ సంస్థ చెప్పింది. ఖాళీ స్టాంపు కాగితంపై వేలిముద్ర వేయడానికి, పరికరం తెర చదవకుండా మీట నొక్కడానికి తేడా లేదు. అర్థం కాని లావాదేవీకి సమ్మతి ఇవ్వకపోవడమే మంచి పని.

నీరు, నిప్పు, నోరు

మాటలు రాసిన కాగితానికి మూడు గండాలున్నాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి పరీవాహక పేటలను తుడిచిపెట్టింది. 2020 అక్టోబరు వానలకు కూడా పాతబస్తీ ఇళ్లలోకి నీరు వచ్చింది. నిప్పు సంగతి గోదాములున్న వారికి చెప్పనవసరం లేదు. అందుచేత ఒక ప్రతి స్టీలు రేకుపై చెక్కుకోవడం, రెండవ ప్రతి మరొక చోట, వీలైతే మరొక పేటలో ఉంచడం మంచిది. చెక్కడం కూడా స్వయంగా చేయాలి, పేర్లు చెక్కే దుకాణంలో కాదు. పరికరం, మాటలు ఒకే తిజోరీలో ఉంచవద్దు. కొందరు మాటలను సగం ఇక్కడ, సగం అక్కడ దాస్తారు. ఒక సగం పోతే అంతా పోయినట్లే గనుక అది తెలివైన ఏర్పాటు కాదు.

స్టీఫన్ థామస్ అనే ప్రోగ్రామరు 7,002 బిట్‌కాయిన్ల తాళం చెవి ఉన్న పరికరానికి పాస్‌వర్డ్ రాసుకున్న కాగితం పోగొట్టుకున్నాడు. పది తప్పులు చేస్తే ఆ పరికరం శాశ్వతంగా మూసుకుపోతుంది. 2021లో ఈ వార్త బయటకు వచ్చే నాటికే ఎనిమిది ప్రయత్నాలు అయిపోయాయి.

మూడవ గండం నోరు. మన దగ్గర ఇంత ఉన్నదని చెప్పుకోవడం ఈ సొమ్ము విషయంలో ప్రాణం మీదికి తెస్తుంది. 2025 జనవరిలో ఫ్రాన్సులో లెడ్జర్ కంపెనీ స్థాపకులలో ఒకరిని దుండగులు అపహరించి, వేలు కోసి, సొమ్ము అడిగారు. పోలీసులు ఆయనను విడిపించారు. మనం నోరు మూసుకున్నా మన చిరునామా బయట పడవచ్చు. 2020లో అదే కంపెనీ ఖాతాదారులలో 2 లక్షల 70 వేల మందికి పైగా పేర్లు, ఇంటి చిరునామాలు బయటికి పొక్కాయి. 2021లో దొంగలు ఆ చిరునామాలకు పోస్టులో నకిలీ పరికరాలు పంపారు. 'మీ పాత పరికరం సురక్షితం కాదు, దీనిని వాడండి' అని ఉత్తరం కూడా జతచేశారు. అడగకుండా వచ్చిన పరికరాన్ని వాడవద్దు.

లెక్క విషయం కూడా గమనించాలి. సొంత నాణేన్ని సొంత పెట్టెలోకి మార్చుకోవడం అమ్మకం కాదు. అయినప్పటికీ కొన్న తేదీ, ధర, తరలించిన తేదీ చిట్టాలో ఉండాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభంపై 30 శాతం పన్ను, అదే ఏడాది జూలై 1 నుంచి అమ్మకపు మొత్తంపై 1 శాతం టీడీఎస్ విధించారు. దొంగకు కనిపించకుండా దాచడం వేరు, ఆదాయపు పన్ను శాఖకు కనిపించకుండా దాచడం వేరు.

యజమాని తరువాత

ఎవరినీ నమ్మవద్దని ఇంతవరకు చెప్పాం. ఇక్కడ ఆ మాట ఆగిపోవాలి. కెనడాలో క్వాడ్రిగా అనే ఎక్స్ఛేంజి యజమాని గెరాల్డ్ కాటన్ 2018 డిసెంబరులో మన జైపూర్‌లో మరణించాడు. నాణేల పెట్టెల పాస్‌వర్డులు ఆయనకు తప్ప ఎవరికీ తెలియవని సంస్థ ప్రకటించింది. వేలాదిమంది సొమ్ము నిలిచిపోయింది. ఆయన ఖాతాదారుల సొమ్మును ముందే హరించాడని తరువాత దర్యాప్తులో తేలింది. అది మోసం. కాని మోసం ఏమీ లేకుండానే ఇటువంటి స్థితి నిజాయితీగల ఇంట్లో కూడా రావచ్చు.

బ్యాంకు ఖాతాకు నామినీ ఉంటాడు. బాకీలకు ఖాతా పుస్తకం ఉంటుంది. అది చూసి కొడుకు వసూలు చేసుకుంటాడు. ఈ పెట్టెకు నామినీ లేడు, మేనేజరు లేడు, అర్జీ పెట్టుకునే ఆఫీసు లేదు. యజమాని రహస్యంగా పోతే సొమ్ము కూడా రహస్యంగా పోతుంది. అటువంటి పెట్టె ఒకటి ఉన్నదని, పరికరం ఎక్కడ ఉన్నదని, సీలు వేసిన కవరు ఎక్కడ ఉన్నదని భార్యకు గాని, ఎదిగిన పిల్లలకు గాని తెలిసి ఉండాలి. కవరులోని మాటలు ముందే చెప్పనక్కరలేదు. ఏమి చేయాలో ఒక కాగితంపై ఇంట్లో వాడే భాషలో రాసి, వీలునామాలో ఆ పెట్టె ప్రస్తావన చేర్చి, ఏడాదికి ఒకసారి కవరు చెక్కు చెదరకుండా ఉన్నదేమో చూసుకోవాలి. మొత్తం పెద్దదైతే ఇద్దరి సంతకాలు కావలసిన ఏర్పాటు కూడా ఉన్నది. భాగస్వామ్య పేఢీలలో చెక్కుపై ఇద్దరు సంతకం చేయడం మనకు తెలిసినదే.

ఇంత శ్రమ పడలేని వారు ఏమి చేయాలి? వారికి నిష్కర్షగా చెప్పవలసి ఉన్నది. ఈ సరుకును కొద్దిగా కొనండి, లేదా అసలు కొనవద్దు. ఒక్క సాయంత్రం తలుపు వేసుకుని 24 మాటలు రాసి, చెరిపి, మళ్లీ ఎక్కించి చూసే ఓపిక లేనివారు లక్షలు పెట్టి ఆ నాణేలు కొనడం వ్యాపారం అనిపించుకోదు. ఓపిక ఉన్నవారు రానున్న సీజను సందడి మొదలు కాక ముందే ఆ సాయంత్రాన్ని కేటాయించుకోవడం శ్రేయస్కరం.